గోదావరికా, వందేభారత్‌కా?

విశాఖపట్నం నుంచి సికింద్రాబాద్ దాదాపు 700 కిలోమీటర్లు. 1974 ఫిబ్రవరి 1న మొదలైన గోదావరి ఎక్స్‌ప్రెస్ సాయంత్రం అయిదు దాటాక విశాఖలో బయలుదేరి తెల్లవారుజామున సికింద్రాబాద్‌లో దించుతుంది. 2023 జనవరి 15న, సరిగ్గా సంక్రాంతి నాడు మొదలైన వందేభారత్ పొద్దున్న ఆరు కాకముందే కదిలి ఎనిమిదిన్నర గంటల్లో తీసుకొస్తుంది. జేబులో డబ్బు లెక్కపెట్టుకుని బయలుదేరేవాళ్లు వీటిలో ఏది ఎక్కాలన్నదే తగువు. వాదించుకునేది ఇద్దరు. వేగం వైపు మాట్లాడేది రిటైరైన పెద్దాయన. నిదానం వైపు నిలబడింది ఉద్యోగ పరీక్షలకు చదువుకుంటున్న కుర్రాడు. వయసులు తారుమారయ్యాయని అనుమానపడక్కర్లేదు. గంటల ఖరీదు అందరికన్నా ముందు తెలిసేది మోకాళ్ల నొప్పులవాళ్లకే.

నిదానపక్షం: ముందు టిక్కెట్టు లెక్క తేల్చేద్దాం బాబాయిగారూ. వందేభారత్ మొదలైనప్పుడు సికింద్రాబాద్ నుంచి విశాఖకు చైర్‌కార్ టిక్కెట్టు 1,665 రూపాయలు, విశాఖ నుంచి ఇటు 1,720. గోదావరి స్లీపర్లో ఇదే ప్రయాణం నాలుగు వందల చిల్లరతో అయిపోతుంది. తేడా పన్నెండు వందల పైమాటే. కలిసొచ్చేది మూడున్నర గంటలు, మహా అయితే నాలుగు. అంటే ఒక్కో గంటనూ మూడు వందల పైన పెట్టి కొంటున్నట్టు. నెలకు 25,000 జీతగాడు రోజుకు 8 గంటల చొప్పున 26 రోజులు పనిచేస్తాడనుకోండి, అతని గంట ఖరీదు 120 రూపాయలు. 120 రూపాయల సరుకును 300 పెట్టి కొనే బేరం ఏ సంతలోనూ ఉండదు. నలుగురున్న ఇల్లయితే రానూ పోనూ కలిపి తేడా పది వేలకు దగ్గరపడుతుంది.

వేగపక్షం: సంత లెక్కే వేద్దాం బాబూ, కాకపోతే తూకం సరిగ్గా ఉండాలి. ఆ 1,665లో భోజనం, టీ, చిరుతిళ్లు కలిసే ఉన్నాయి. వద్దని టిక్కెట్టు తీసుకునేటప్పుడే చెబితే మూడు వందల దాకా తగ్గుతుంది. ఇంట్లో కలిపిన పులిహోర ఒక డబ్బా పట్టుకెళ్తే సరిపాయె. ఇంకో సంగతి, నువ్వు ఏసీ కుర్చీని తెచ్చి ఏసీ లేని బెర్తు పక్కన పెట్టావు. గోదావరిలోనే థర్డ్ ఏసీ ఎక్కి చూడు, వెయ్యి దాటుతుంది. అప్పుడు తేడా మూడు వందల్లోకి పడిపోతుంది. నాలుగు గంటలకు మూడు వందలంటే నీ జీతగాడి గంట కన్నా చవకే. పైగా మే నెలలో స్లీపర్ పెట్టె ఎలా ఉంటుందో తెలుసుగా? పగలంతా ఎండలో కాగిన రేకు. రాత్రి పదకొండు దాటినా చల్లారదు. ఫ్యాను వేడిగాలినే తిప్పి తిప్పి కొడుతుంది.

నిదానపక్షం: అసలు ఏసీ కావాలని ఎవరడిగారు? వందేభారత్‌లో ఏసీ లేని పెట్టె లేదు, జనరల్ లేదు. చవకగా పోవాలంటే చైర్‌కార్, డబ్బుంటే ఎగ్జిక్యూటివ్, అంతకు మించి దారి లేదు. గోదావరిలో జనరల్ నుంచి ఏసీ దాకా ఎవరి తాహతుకు తగ్గ పెట్టె వాళ్లకుంది.

ఇక గంటల మాట. గోదావరి తీసుకునే పన్నెండు గంటల్లో ఏడెనిమిది నిద్రలో పోతాయి. అన్నవరం దాటేసరికి అన్నాల డబ్బాలు తెరుస్తారు, ఏలూరు వచ్చేసరికి లైట్లు ఆర్పేస్తారు. తెల్లారి సికింద్రాబాద్‌లో దిగేసరికి రోజంతా చేతిలో ఉంటుంది. లాడ్జి గది అద్దె మిగిలింది, సెలవు మిగిలింది. వందేభారత్ ఎక్కినవాడు దిగేది మధ్యాహ్నం రెండు దాటాక. ఏ ఆఫీసులో పనున్నా సగం రోజు పోయినట్టే. తిరుగు ప్రయాణం ఇంకా కష్టం. మధ్యాహ్నం మూడింటికి సికింద్రాబాద్‌లో ఎక్కితే రాత్రి పదకొండున్నరకు విశాఖలో దిగాలి. ఆ వేళకు సిటీ బస్సులు పలచబడతాయి, ఆటోవాడు నోటికొచ్చినంత అడుగుతాడు. ఆమదాలవలస పోవాల్సినవాడు ప్లాట్‌ఫారం మీద సంచి తలకింద పెట్టుకోవాలి. మెలకువగా ఉన్న గంటలు లెక్కపెడితే నిదానం బండే ముందు చేరుస్తోంది.

వేగపక్షం: రాత్రి బండి మాటలో నీదే పైచేయి, ఒప్పుకుంటున్నా. కానీ ఆ నాలుగు వందల బెర్తు దొరికితే గదా!

పేదవాడి ప్రయాణం రెండు నెలల ముందు ఖాయం కాదు. ఊళ్లో ఎవరో పోయారని కబురొస్తుంది. ఆస్పత్రిలో డాక్టరు ఎల్లుండి రమ్మంటాడు. మేస్త్రీ ఫోన్ చేసి పని ఉంది దిగిపొమ్మంటాడు. అప్పుడు స్లీపర్లో చూస్తే వెయిటింగ్ లిస్టు. తత్కాల్‌కు పోతే పదకొండింటికి తెరుచుకుంటుంది, ఆధార్ ఓటీపీ కొట్టేలోపు అయిపోతుంది. దొరికినా స్లీపర్‌కు 100 నుంచి 200 దాకా అదనం, ప్రయాణం మానుకుంటే పైసా వెనక్కి రాదు. చివరికి ఆ మనిషి తేలేది జనరల్ పెట్టెలో. తలుపు దగ్గర గోనె సంచి మీద కూర్చుంటాడు. మరుగుదొడ్డి దాకా జనం నిలబడి ఉంటారు, అందులోకి వెళ్లాలంటే పదిమందిని లేపాలి. సామాన్ల పలక మీద ఇద్దరు ముడుచుకుని పడుకుంటారు. బెజవాడలో అర్ధరాత్రి ఇంకో విడత ఎక్కుతుంది. తెల్లారి దిగిన ఆ మనిషి తలకట్టు కట్టుకుని సిమెంటు బస్తా ఎత్తగలడా? అతని పన్నెండు గంటల్ని నిద్ర పద్దులో ఎలా రాస్తావు?

నిదానపక్షం: ఆ పద్దులో రాయను. అయితే ఆ కష్టానికి కారణం బండి నెమ్మదిగా పోవడమా, పెట్టెలు చాలకపోవడమా? అదే గోదావరికి ఇంకో నాలుగు జనరల్ పెట్టెలు తగిలిస్తే అదే నిదానంలో అతను కాళ్లు చాపుకుని వస్తాడు. పైగా మీరు చెప్పిన వేగం ఆ మేస్త్రీ మనిషి చేతికి అందేదే కాదు. నిన్న కబురొస్తే ఇవాళ 1,700 ఎక్కణ్నుంచి తెస్తాడు?

వేగపక్షం: అందుకే వేగం అతని చేతికి అందేలా రావాలంటున్నా. 2023 డిసెంబరు 30న మొదలైన అమృత్ భారత్ చూడు. అందులో మాల్దా నుంచి బెంగళూరు వెళ్లే బండి మన బెజవాడ మీదుగానే పోతుంది. ముందొక ఇంజను, వెనకొక ఇంజను. మొదలుపెట్టినప్పుడు ఉన్నవి స్లీపరు, జనరలు పెట్టెలే, ఏసీ లేనే లేదు. మామూలు ఎక్స్‌ప్రెస్ కన్నా టిక్కెట్టు కాస్త ఎక్కువ, వందేభారత్ దరిదాపుల్లోకి రాదు. వలస కూలీకి వేగం ఎందుకని ఎవరూ అనుకోలేదన్నమాట. రెండు రాత్రుల ప్రయాణంలో నాలుగు గంటలు తగ్గితే, పెద్దవాళ్లకు మందు వేళ తప్పదు, పసిపిల్లకు పాలు విరిగిపోవు.

నిదానం గొప్పదని చెప్పేవాళ్లలో చాలామంది దాన్ని ఏడాదికోసారి సరదాకి ఎక్కేవాళ్లు. ఇష్టపడి ఎక్కే నిదానం వేరు, గత్యంతరం లేక ఎక్కే నిదానం వేరు.

ఈ మాటకు కుర్రాడు కాసేపు తగ్గాడు. తగ్గాల్సిన మాటే అది. తరవాత వాదం బండి నంబర్ల మీదికి మళ్లింది. టిక్కెట్టు తీసుకునేవాళ్లలో నంబరును చదివేవాళ్లు తక్కువ, డబ్బు సంగతి మాత్రం అందులోనే ఉంది. 12తోనో 20తోనో 22తోనో మొదలైతే సాధారణంగా సూపర్‌ఫాస్ట్. గోదావరి 12727, వందేభారత్ 20833. భువనేశ్వర్ నుంచి వచ్చే విశాఖ ఎక్స్‌ప్రెస్ 17015 గనక దానికి ఆ అదనం లేదు. సూపర్‌ఫాస్ట్ అయితే స్లీపర్ మీద 30, థర్డ్ ఏసీ మీద 45 రూపాయలు ఎక్కువ పడుతుంది. జనరల్ టిక్కెట్టుకీ అదే పద్ధతి, దాని మీద పదిహేను. మామూలు ఎక్స్‌ప్రెస్ టిక్కెట్టుతో సూపర్‌ఫాస్ట్ ఎక్కి టీసీకి దొరికితే, మిగిలిందనుకున్న పదిహేను రూపాయలకు ఎన్నో రెట్లు కట్టాలి.

నిదానపక్షం: ఆ సూపర్‌ఫాస్ట్ అనే పేరుకు రైల్వేవాళ్లు పెట్టుకున్న గీత ఎంతో తెలుసా? బ్రాడ్‌గేజ్ మీద సగటున గంటకు 55 కిలోమీటర్లు. ఘాట్ రోడ్డు లేకపోతే ఆర్టీసీ బస్సు కూడా అందుకునే వేగం. గోదావరిది ఆ గీతకు కాస్త పైన. అసలు చేరాల్సిన ఆ 55 అయినా చేరుతున్నాయా అని 2017లో కాగ్ లెక్క చూసింది. ఉత్తర మధ్య రైల్వేలోనూ, మన దక్షిణ మధ్య రైల్వేలోనూ ఆ వేగం అందుకోని బండ్ల ప్రయాణికుల దగ్గర సూపర్‌ఫాస్ట్ పేరుతో 11.17 కోట్లు వసూలైందని రాసింది. ఇదండీ మీ వేగం. డబ్బు ముందు తీసుకుంటారు, గంటలు తరవాత ఇస్తారు, ఒక్కోసారి ఇవ్వరు.

వేగపక్షం: ఇవ్వని వేగానికి డబ్బు తీసుకోవడం తప్పే. దాన్ని ఎవరు సమర్థిస్తారు? వందేభారత్ సగటు 82 దాకా ఉంటుంది, దాన్ని ఆ జాబితాలో కలపకు. ఇంకోటి విను. నువ్వు ముద్దుగా చెప్పే నిదానం బండ్లన్నీ ఒకప్పటి వేగం బండ్లే. గుంటూరు, సికింద్రాబాద్ మధ్య తిరిగే గోల్కొండ ఎక్స్‌ప్రెస్ ఆవిరి ఇంజన్ల కాలంలో దేశంలోకెల్లా వేగంగా పరుగెత్తే బండ్లలో ఒకటని పేరు. దాన్ని ఎక్కడం అప్పట్లో దర్జా. ఇప్పుడు దాని నంబరు 17తో మొదలవుతుంది. ప్రతి పల్లె స్టేషన్లోనూ ఆగాలని ఆ ఊరివాళ్లు అడిగారు, నాయకులు ఒప్పించారు, ఒక్కో స్టాపూ పెరిగింది. ఏ ఊరికి ఆ ఊరు చూసుకుంటే న్యాయమే. అన్నీ కలిస్తే బండి నడుం విరిగింది. వందేభారత్‌కూ అదే మొదలైంది. తొలుత వరంగల్, ఖమ్మం, విజయవాడ, రాజమండ్రి అన్నారు. తరవాత సామర్లకోట చేరింది, ఏలూరు చేరింది.

నిదానపక్షం: సామర్లకోటలో ఆగబట్టే కాకినాడవాళ్లకు అది పనికొస్తోంది బాబాయిగారూ! ఆగని బండి ఎంత వేగంగా పోతే మాత్రం తునివాళ్లకేం లాభం? అనకాపల్లివాళ్లకేం? వాళ్లు ముందో బస్సెక్కి విశాఖకో సామర్లకోటకో వెళ్లాలి. ఆ బస్సు డబ్బులు, ఆ గంట ఎవరి పద్దులో పడతాయి? పొద్దున్న అయిదున్నరకల్లా విశాఖ ప్లాట్‌ఫారం మీద ఉండాలంటే పలాస మనిషి ముందురోజు రాత్రే రావాలి. విశాఖ ఎక్స్‌ప్రెస్ అయితే పలాసలో ఇంటి ముందుకొచ్చినట్టు వచ్చి ఎక్కించుకుంటుంది. వేగాన్ని స్టేషన్ నుంచి స్టేషన్‌కి కొలుస్తారు, మనిషి ప్రయాణం గుమ్మం నుంచి గుమ్మానికి.

లూప్ లైన్ సంగతి కూడా చెప్పనివ్వండి. హంసవరం, రావికంపాడు లాంటి చిన్న స్టేషన్లలో మామూలు ఎక్స్‌ప్రెస్‌ని పక్క లైన్లోకి తిప్పి ఆపుతారు. బండి ఆగగానే గాలీ ఆగుతుంది. మగవాళ్లు దిగి సిగ్నల్ వంక చూస్తూ నిలబడతారు. మరమరాలవాడు రెండోసారి తిరిగొస్తాడు. ఎవరో గార్డునడిగొచ్చి ‘క్రాసింగ్’ అంటారు, అది ఓవర్‌టేకింగ్ అయినా మనవాళ్లందరికీ క్రాసింగే. ఆ తరవాత మెయిన్ లైన్ మీద తెల్లబండి దూసుకుపోతుంది. పదహారు పెట్టెల బండైతే గంటకు 110 మీద దాటడానికి పట్టేది పన్నెండు, పదమూడు సెకన్లు. కానీ అది రాకముందే దీన్ని పక్కకు తప్పించాలి, అది ముందున్న సెక్షన్ ఖాళీ చేశాకే దీన్ని వదలాలి. పదమూడు సెకన్ల దాటింపుకు పదిహేను, ఇరవై నిమిషాల నిలుపు. వందేభారత్‌లో వాళ్లు పొదుపు చేసుకున్న నాలుగు గంటలు ఎక్కణ్నుంచి వచ్చాయంటే, కొంత ఈ లూప్ లైన్ల నుంచే వచ్చాయి. నాలుగు వందల టిక్కెట్టువాడి సమయాన్ని పదిహేడు వందల టిక్కెట్టువాడికి బదలాయిస్తున్నారు.

వేగపక్షం: ఇది గట్టి మాట. దీనికి సగం జవాబే ఉంది నా దగ్గర.

ఒకే జత పట్టాల మీద బొగ్గు వ్యాగన్లు, మెమూలు, ఎక్స్‌ప్రెస్‌లు, వందేభారత్ అన్నీ తోలితే ఎవరో ఒకరు ఆగాలి. గూడ్సు బండి నీ విశాఖ ఎక్స్‌ప్రెస్ కోసం ఆగుతుంది, అప్పుడెవరూ అన్యాయమనరు. అసలు లోటు మూడో లైను. కాజీపేట, విజయవాడ మధ్య వేస్తున్నారు, విజయవాడ నుంచి గూడూరు వైపూ వేశారు. పట్టాలు పెరిగితే నీ లూప్ లైన్ ఏడుపు తగ్గుతుంది. పట్టాలకు డబ్బెక్కణ్నుంచి రావాలి? 2024 డిసెంబరులో రైల్వే మంత్రి పార్లమెంటులో ఒక లెక్క చెప్పాడు. ప్రయాణికుడి మీద 100 రూపాయలు ఖర్చయితే టిక్కెట్టు రూపంలో వచ్చేది 54. ఏడాదికి 56,993 కోట్లు సబ్సిడీ. ఆ లోటును పూడ్చేది సరుకు రవాణా. ప్రయాణికుల వైపు చూస్తే తన ఖర్చు తాను రాబట్టుకునే తరగతిగా కాగ్ లెక్కల్లో ఏళ్లపాటు కనబడింది థర్డ్ ఏసీయే. ఖరీదైన సీటువాడు పూర్తి ధర కట్టబట్టే నీకు నాలుగు వందలకు బెర్తు దొరుకుతోంది. అతనికి దారి వదలడం దానికి బదులనుకో.

నిదానపక్షం: అందరికీ వర్తించే సబ్సిడీని చూపించి పేదవాణ్ని లూప్ లైన్లో నిలబెట్టడం ఏ శాస్త్రమో నాకు అర్థం కాదు. ఆ 46 రూపాయలూ టిక్కెట్టు కొనేవాడి కట్నం కాదుగా, వాడు ఉప్పు కొన్నా బియ్యం కొన్నా గూడ్సు చార్జీ రూపంలో కడుతూనే ఉన్నాడు. అయినా 2025 జూలై 1న చార్జీలు పెంచినప్పుడు ఏసీకి కిలోమీటరుకు రెండు పైసలు, ఏసీ లేని ఎక్స్‌ప్రెస్‌కు ఒక పైసా వేశారు. 500 కిలోమీటర్ల దాకా ఆర్డినరీ సెకండ్ క్లాసు జోలికి వెళ్లలేదు. చవక బండి ఎవరి బతుకుతెరువో ప్రభుత్వానికీ తెలుసన్నమాట.

వేగపక్షం: ఆర్డినరీ అన్నావు కాబట్టి ఆ ప్యాసింజర్ బండి దగ్గరికే పోదాం. దాని పరిస్థితి ఏమిటి? కోవిడ్‌లో ఆపేశారు. మళ్లీ వదిలినప్పుడు ఎక్స్‌ప్రెస్ స్పెషల్ అని పేరు మార్చి కనీస టిక్కెట్టు 10 నుంచి 30 చేశారు. పెట్టెలవే, స్టాపులవే, నిదానమూ అదే, చార్జీ మాత్రం మూడింతలు. 2024 ఫిబ్రవరి చివర్లో గానీ తిరిగి పదికి దించలేదు. ఆ నాలుగేళ్లలో జనం అలవాటు తప్పారు. ఈలోపు తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులు ఉచితం. ఆంధ్రలో 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి. పది రూపాయలు చవకే, సున్నా అంతకన్నా చవక. మహబూబాబాద్ నుంచి వరంగల్‌కు కూరగాయల గంపతో వెళ్లే మనిషి గంట లేటయ్యే ప్యాసింజర్ కోసం ఎందుకు కాచుకుంటుంది?

నిదానపక్షం: ఆ గంపను బస్సు కండక్టర్ ఎక్కించుకుంటాడా అన్నది ఒక ప్రశ్న. మగవాడి సంగతి ఇంకో ప్రశ్న. అయినా దగ్గర దూరాల్లో ప్యాసింజర్ బండి చవకదనం పోయిందన్నది నిజమే. కాదనను.

కాకపోతే ఒక్క ప్యాసింజర్ని మీ లెక్కలోంచి తీసేయండి. విశాఖ నుంచి కిరండూల్ బండి. పొద్దున్న ఏడు కాకముందే బయలుదేరి నాలుగు గంటల్లో అరకు చేరుస్తుంది. ఉన్నది 120 కిలోమీటర్లే. బైలదిల్లా ఇనుప ఖనిజం కోసం జపాన్ సాయంతో అరవైల్లో వేసిన లైనది. కొత్తవలస నుంచి కిరండూల్ దాకా 58 సొరంగాలు. శివలింగపురం దాటాక పెట్టెలోకి చీకటి రావడం, పిల్లలు ఒక్కసారిగా కేకలేయడం, మళ్లీ వెలుతురు, కిటికీ అవతల లోయ. 996 మీటర్ల ఎత్తున్న శిమిలిగూడ చాలాకాలం దేశంలో అన్నిటికన్నా ఎత్తయిన బ్రాడ్‌గేజ్ స్టేషన్. 2017 ఏప్రిల్లో దీనికి అద్దాల విస్టాడోమ్ పెట్టె తగిలించారు, దాని టిక్కెట్టు వందల్లో. జనరల్ పెట్టె టిక్కెట్టు ఒక ప్లేటు ఇడ్లీ ఖరీదు. ఆ కిటికీ దగ్గర కూర్చున్నవాడికి కనబడేవీ అవే కొండలు, అవే సొరంగాలు. ఇక్కడ వేగం అమ్మితే ఎవరు కొంటారు?

వేగపక్షం: ఎవరూ కొనరు. అరకు దాకా నీదే గెలుపు. కానీ అరకు రైలుతో దేశం ప్రయాణాలన్నీ కొలవకు. సికింద్రాబాద్ వచ్చేవాడు కొండలు చూడ్డానికి రావడం లేదు.

పెద్దవాళ్ల మాట ఒకటి. 2020 మార్చి 20 దాకా అరవై దాటిన మగవాళ్లకు 40 శాతం, 58 దాటిన ఆడవాళ్లకు 50 శాతం రాయితీ ఉండేది. అప్పుడు ఆపింది మళ్లీ రాలేదు. ఇప్పుడు డెబ్బై ఏళ్ల మనిషీ ఇరవై ఏళ్ల మనిషీ అదే ధర కడుతున్నారు, ఒళ్లు మాత్రం ఒకటి కాదు. షుగరున్న మనిషి పన్నెండు గంటల్లో ఎన్నిసార్లు లేవాలి? ఊగే బండిలో ఆ తడి గచ్చు మీద కాలు జారితే తుంటి ఎముక ఆపరేషన్‌కు ఎంతవుతుందో ఆ లెక్క కూడా టిక్కెట్టు పక్కన రాయాలి.

నిదానపక్షం: స్లీపర్లో పెద్దవాళ్లకు లోయర్ బెర్తు కోటా ఉంది కదండీ. నడుం వాల్చి పడుకునే ఎనిమిది గంటలు, నిటారుగా కూర్చునే ఎనిమిది గంటలు ఒకటేనా? నడుం నొప్పి మనిషిని అడగండి, ఏది ఎక్కుతాడో. కేన్సర్ వైద్యానికి వెళ్లే రోగికి స్లీపర్లోనూ థర్డ్ ఏసీలోనూ టిక్కెట్టు పూర్తిగా ఉచితం. తుని నుంచి హైదరాబాద్ ఆస్పత్రికి ప్రతి మూడు వారాలకీ తిరిగే మనిషికి అది మామూలు సాయం కాదు, అది దొరికేది పడుకుని వెళ్లే బండ్లలోనే.

ఇంకో చిన్న వెసులుబాటు చాలామందికి తెలియదు. మామూలు ఎక్స్‌ప్రెస్‌లో 500 కిలోమీటర్లు దాటిన టిక్కెట్టుంటే మధ్యలో ఒకసారి దిగి రెండు రోజుల దాకా ఆగొచ్చు, మొదటి 500 కిలోమీటర్లూ పూర్తయ్యాక. విశాఖలో ఎక్కినవాడు వరంగల్‌లో దిగి వేయిస్తంభాల గుడి చూసుకుని అదే టిక్కెట్టు మీద సికింద్రాబాద్ రావొచ్చు. దూరం పెరిగేకొద్దీ కిలోమీటరు ధర తగ్గుతుంది గనక రెండు ముక్కల టిక్కెట్టు కన్నా ఇది చవక.

వేగపక్షం: గుడి చూసేవాడికి బాగానే ఉంది. నీలాంటి కుర్రాడి సంగతే చెప్పు. శ్రీకాకుళం నుంచి పరీక్షకు హైదరాబాద్ వస్తాడు. గేటు పొద్దున్న తొమ్మిదిన్నరకు మూస్తారనుకో. తెల్లవారుజామున అయిదున్నరకు చేరాల్సిన బండి ఘట్‌కేసర్ దగ్గర సిగ్నల్ లేక ఆగింది. ఆరున్నరైంది, ఏడున్నరైంది. రెండేళ్ల చదువు ఆ ఎర్రలైటు కింద నిలబడి ఉంది. అతనికి మిగిలిన పన్నెండు వందలు ఎందుకు?

నిదానపక్షం: అతని చోట ఎవరున్నా ముందు రోజు వందేభారతే ఎక్కాలి. లేకపోతే ముందు రోజు రాత్రి బండెక్కి, ఒక రోజు ముందే వచ్చి, చిక్కడపల్లిలో స్నేహితుడి గదిలో పడుకోవాలి. గది దొరికేవాడు రెండోది చేస్తాడు, దొరకనివాడు మొదటిది. నిదానంలో నాకు నచ్చనిది ఒకటుంటే అది ఇదే. పన్నెండు గంటలంటే పన్నెండు గంటలకు రావాలి. పద్నాలుగు గంటల బండైనా పర్లేదు, పద్నాలుగని ముందే తెలిస్తే. ఒక రోజు పన్నెండు, ఇంకో రోజు పదిహేను అయ్యే బండిని నమ్ముకుని డబ్బులేనివాడు రోజు కూలి పోగొట్టుకుంటాడు. కానీ బాబాయిగారూ, ఆ లేటుకు మందు టిక్కెట్టు ధర నాలుగింతలు చేయడమా?

వేగపక్షం: మందు అదని నేననలేదు. మందు దొరికేదాకా జ్వరమున్నవాడు ఏం చేయాలన్నదే అడుగుతున్నా.

నిదానపక్షం: జ్వరం అందరికీ ఉంది, మందు కొనే డబ్బు కొందరికే ఉంది. అక్కడే మన ఇద్దరి దారులూ విడిపోతున్నాయి.

వేగపక్షం: సరే, ఇదంతా వదిలెయ్. ఈ సంక్రాంతికి ఇంటికెళ్లాలి కదా, ఏది ఎక్కుతావు?

నిదానపక్షం: సంక్రాంతికా! ఏది దొరికితే అది. మీరు?

వేగపక్షం: నేనూ అంతే.

2024 నవంబరు 1 నుంచి రైలు రిజర్వేషన్ ప్రయాణ తేదీకి 60 రోజుల ముందు, ఉదయం 8 గంటలకు తెరుచుకుంటోంది. జనవరి 12న సికింద్రాబాద్‌లో గోదావరి ఎక్కాలన్నా, వందేభారత్ ఎక్కాలన్నా నవంబరు 13న ఆ వేళకు ఫోను పట్టుకుని కూర్చోవాలి.